ముందు సినిమా పేరు చెప్పండి

దక్షిణ ఒడిశాలో సినిమా ప్రదర్శనలు, చలనచిత్రోత్సవాలు నడుపుతున్న సంఘాలకు, కళాశాలలకు, సాంస్కృతిక సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కారం.

మీరు ఒక మంచి సినిమా చూపించారన్న సంగతి మాకు సాధారణంగా మర్నాడు తెలుస్తుంది. పత్రికలో జిల్లా పేజీ అడుగున ఒక ఫొటో పడుతుంది. దీపపు సెమ్మె చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో కొవ్వొత్తి, ఆ చేతిని ఆనుకుని మిగిలినవాళ్ళ చేతులు, అందరి చూపూ కెమెరా మీద. కింద వార్తలో జ్యోతి ఎవరు వెలిగించారో, అధ్యక్షత ఎవరు వహించారో, వందన సమర్పణ ఎవరు చేశారో పేరుపేరునా ఉంటుంది. 'అనంతరం ప్రదర్శించిన చిత్రం ఆహూతులను ఆకట్టుకుంది' అనే మాటతో వార్త ముగుస్తుంది. ఏ చిత్రం, ఎవరు తీశారు, ఏ భాషది? విలేకరి రాయలేదు. ఆయనను తప్పు పట్టలేం. ఆయన చేతికి మీరిచ్చిన కాగితంలోనే అది లేదు.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. కొత్త తెలుగు సినిమాకు మాకేమీ కరువు లేదు. పెద్ద హీరో బొమ్మ అయితే హైదరాబాదులో పడిన రోజే ఇక్కడా పడుతుంది, కాగితాలు ఎగురుతాయి, హాలు బయట డప్పులు మోగుతాయి. ఆ సందడిలో నాకూ వాటా ఉంది, దాచుకోను. అయితే హాళ్ళకు ఎన్నడూ రాని సినిమాలు కొన్ని ఉంటాయి. పాతవి, చిన్నవి, పరాయి భాషవి, డాక్యుమెంటరీలు. వాటికి మాకు దిక్కు మీరే. ఫోనులో చూసుకోవచ్చు కదా అంటారు. చూస్తూనే ఉన్నాం. కానీ ముక్కూ మొహం తెలియని యాభై మంది మధ్య చీకట్లో కూర్చుని చూసిన సినిమా వేరు. ఎవరో వెనక వరుసలో ఒక మాటకు నవ్వితే, ఆ మాటలో నవ్వు ఉందని మనకు అప్పుడు తెలుస్తుంది.

అందుకే మీ ప్రదర్శనల కోసం వెతుక్కుంటూ ఉంటాం. వెతుక్కోవడమే మా పని అయిపోయింది. కళాశాల నోటీసు బోర్డులు చూస్తాం, అయితే అవి గేటు లోపల ఉంటాయి, గేటు దగ్గర కాపలా మనిషి ఎందుకొచ్చారని అడుగుతాడు. వాట్సాప్ గ్రూపులు ఉన్నాయంటారు, అందులో చేరాలంటే అందులో ఉన్నవారెవరో ముందు తెలియాలి. తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఆహ్వాన పత్రిక బొమ్మ ఫోనులోకి వస్తే అది పండగే. అలా వచ్చినదాన్ని ఒకదాన్ని ఇప్పుడు కూడా ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఎర్ర అంచు, పైన సంస్థ గుర్తు, కింద బంగారు రంగు అక్షరాలు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ప్రధాన వక్త, ఆత్మీయ అతిథి. విశిష్ట అతిథికీ ఆత్మీయ అతిథికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అందరి పేర్ల కిందా హోదాలు, కొందరికి మాజీ హోదాలు కూడా. అట్టడుగున సన్న అక్షరాలలో 'చివరగా చలనచిత్ర ప్రదర్శన'. అంతే. పెళ్ళి పత్రికలో బంధువులందరి పేర్లూ అచ్చు వేయించి పెళ్ళికూతురి పేరు మరిచిపోయినట్టు.

మీకు సినిమా మీద ప్రేమ లేదని నేననను. లేకపోతే డబ్బు రాని ఈ పని ఎవరు నెత్తిన వేసుకుంటారు? కానీ మీరు సినిమా ఎవరికి చూపిస్తున్నారో ఒక్కసారి ఆలోచించుకోండి. ముందే తెలిసినవాళ్ళకు చెప్పి, వచ్చినవాళ్ళకు వేసి, రానివాళ్ళకు రుచి లేదని బాధపడటం సరికాదు. 'మన ఊళ్ళో మంచి సినిమాకు ప్రేక్షకులు లేరండీ' అని మీలో కొందరు వేదిక మీదే అంటారు. ఖాళీ కుర్చీలను చూపించి అంటారు. ఆ కుర్చీలలో కూర్చోవలసినవాళ్ళు ఆ సాయంత్రం అదే వీధిలో కూరగాయలు కొంటున్నారు.

చెప్పడం ఈ ఊరికి కొత్త విద్య కాదు. పూర్వం కేంద్ర ప్రభుత్వ క్షేత్ర ప్రచార శాఖ జీపు 16 ఎంఎం ప్రొజెక్టరు వేసుకుని పల్లెలకు వచ్చేది. ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ చిన్న చిత్రాలు, మధ్యలో ఎప్పుడైనా ఒక కథాచిత్రం. చీకటి పడ్డాక బొమ్మ వేయాలంటే పగలే మైకు పెట్టుకుని ఊరంతా చుట్టి చెప్పేవారట. కుటుంబ నియంత్రణ మీద పది నిమిషాల బొమ్మకే అంత చాటింపు! సినిమా హాళ్ళవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. రిక్షాకు రెండువైపులా తడిక కట్టి, పోస్టరు అంటించి, వెనకనుంచి కరపత్రాలు విసురుతూ పోతుంటే పిల్లలు పరుగెత్తి ఏరుకునేవారు. మన ఊరి దేవత ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది, ఫలానా రోజు మొదలవుతుందని తెలియని ఇల్లు బరంపురంలో ఉంటుందా? ఇన్ని తెలిసిన ఊళ్ళో సినిమా ఉత్సవం మాత్రం ఎందుకు గుట్టుగా జరగాలి?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. వారం ముందు ఒక కాగితం. అందులో సినిమా పేరు, తీసినవారి పేరు, ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ భాష, సబ్‌టైటిల్స్ ఏ భాషలో, ఎంతసేపు నడుస్తుంది. ఇంకొక్కటి, మిగిలినవాటికంటే ముఖ్యం: బొమ్మ ఎన్ని గంటలకు మొదలవుతుంది. సభ మొదలయ్యే వేళ కాదు, బొమ్మ మొదలయ్యే వేళ. లోపలికి ఎవరైనా రావచ్చా, సభ్యులకేనా, పిల్లలను తీసుకురావచ్చా అన్నది కూడా రాస్తే గేటు దగ్గర ఎవరూ సిగ్గుపడి వెనక్కు పోరు.

ఆ కాగితం మీద ఒడియా పక్కన తెలుగులో నాలుగు పంక్తులు ఉండాలని అడిగితే కొందరికి అది భాషా రాజకీయంలా వినిపిస్తుందని నాకు తెలుసు. కాదండీ. మా ఇళ్ళలో ఇప్పటి సంగతి ఇదీ. మా పెద్దవాళ్ళు తెలుగు చదువుతారు, ఒడియా మాట్లాడతారు కానీ చదవలేరు. మా పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తెలుగు మాధ్యమం బడులు ఈ జిల్లాలలో ఎలా తగ్గిపోయాయో మీకు నేను చెప్పాలా? ఒక్క లిపిలో అచ్చు వేస్తే ప్రతి ఇంట్లో సగం మందికి కాగితం మూగదవుతుంది. ఇచ్ఛాపురం మనకు పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేదు, అక్కడి జనం ఆసుపత్రికీ పట్టుచీరలకూ బరంపురం వస్తారు. ఆ బస్టాండులో తెలుగు కాగితం ఒకటి అంటిస్తే సినిమాకు కూడా వస్తారు.

జనం వస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. చేనేత మీద ఒక డాక్యుమెంటరీ వేశారు. ఎవరు వేశారో అనవసరం, బాగా వేశారు. ఆ రోజు ఎలా తెలిసిందో గానీ మగ్గం పని చేసే పెద్దాయన ఒకరు వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. సినిమా అయ్యాక చర్చలో పెద్దలు నేతగాడి చేతుల లయ గురించి, ఆ ప్రశాంతత గురించి చాలాసేపు మాట్లాడారు. ఆయన లేచి ఒడియాలో రెండే మాటలు అన్నారు. 'అతను కెమెరా కోసం మెల్లగా నేస్తున్నాడు. ఆ వేగంతో నేస్తే పూట గడవదు.' హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమై, తర్వాత నవ్వింది. అసలు చర్చ అప్పుడు మొదలైంది: కెమెరా ముందు ఏది సహజం, ఏది కాదు, తీసేవాడు ఎంతవరకు అడగవచ్చు అని. సినిమా విద్యాలయంలో వారం పాఠం కాగల ప్రశ్న అది. ఆ పెద్దాయన రాకపోతే ఆ సాయంత్రం లయ దగ్గరే ఆగిపోయేది.

ఇక సభల సంగతి. సాయంత్రం ఆరు గంటలకని వేస్తారు. ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. అతిథులు వేదిక మీదకు, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఒక్కొక్కరూ 'మీకూ సినిమాకూ మధ్య నేను అడ్డు నిలబడను' అని మొదలుపెట్టి పావుగంట నిలబడతారు. దాదాపు ఎనిమిదింటికి దీపాలు ఆర్పుతారు. హాలు తొమ్మిదిన్నరకు మూసెయ్యాలి. సినిమా రెండు గంటలు. అప్పుడు మన సభా సంప్రదాయంలోని ఆ మహామంత్రం వస్తుంది: 'సమయాభావం వల్ల'. సమయాభావం వల్ల శాలువా ఆగిన సభను నేనింతవరకు చూడలేదు, సినిమా మాత్రం ఆగుతుంది. ఒక ప్రదర్శనలో ఆపరేటరు మధ్యలో ఇరవై నిమిషాలు ముందుకు దూకించాడు, అప్పటిదాకా బతికి ఉన్న తల్లి ఫొటోకు దండ వేసి ఉంది. పక్కన కూర్చున్నావిడ నన్ను అడిగారు, 'ఏమైంది ఈవిడకు?' అని. సమయాభావం అని చెప్పాను.

అతిథులు వద్దని అనడం లేదు. హాలు ఉచితంగా దొరికేది వాళ్ళ మాట మీదే అని, చందా ఇచ్చినవారి పేరు నాలుగుసార్లు పలకకపోతే వచ్చే ఏడు చందా ఉండదని మాకూ తెలుసు. ఒక్క మార్పు చేసి చూడండి. బొమ్మ ముందు వెయ్యండి, సభ తర్వాత పెట్టండి. ఎవరు మిగులుతారో చూద్దాం. మిగిలినవాళ్ళు నిజంగా వినేవాళ్ళు కనుక వక్తలకూ లాభమే. పైగా అతిథి కూడా సినిమా చూడవలసి వస్తుంది, దీపం వెలిగించి వెనక తలుపు గుండా వెళ్ళిపోయే వీలుండదు. ఆడవాళ్ళకు ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. ఎనిమిదిన్నరకు సినిమా అయిపోతే ఆటో దొరుకుతుంది, ఇంటి దగ్గర ఎవరూ గుమ్మంలో నిలబడి ఎదురు చూడరు. మీ ప్రదర్శనలలో ఆడవాళ్ళు తక్కువెందుకని ఎవరైనా పరిశోధన చేయదలిస్తే, ముందు గడియారం చూడమనండి.

సినిమా వేసే తీరు గురించి చెప్పకపోతే ఈ లేఖ సగమే. ఇందులో చాలావరకు డబ్బుతో పని లేదు, శ్రద్ధతో పని.

1950లు, 60ల నాటి మన చిత్రాల్లో చాలావాటి ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. ఎత్తు ఒకటనుకుంటే వెడల్పు 1.37. ఇప్పటి ప్రొజెక్టర్లు చాలావరకు వేసే బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.78 రెట్లు. పాత చిత్రం వేస్తే తెరకు రెండువైపులా నల్లని పట్టీలు మిగలాలి, అదే సరైన పద్ధతి. తెర ఖాళీగా ఉందేమిటని ఎవరో గొణుగుతారు, ఆపరేటరు రిమోటులో ఒక మీట నొక్కుతాడు, బొమ్మ సాగి తెరంతా నిండుతుంది. ఇక నాయిక మొహం పక్కలకు ఉబ్బుతుంది, బండిచక్రం కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. రెండు గంటలపాటు. ఛాయాగ్రాహకుడు ఒక్కొక్క ఫ్రేమును ఎంత కొలిచి పెట్టి ఉంటాడో! ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే పాత సినిమా అంటే ఇలాగే ఉంటుందేమో అనుకుంటారు. నాకు బాధ అక్కడే. తెర మీద చక్రం గుండ్రంగా ఉందా లేదా అని ఒక్క చూపు చూసుకుంటే చాలు.

సబ్‌టైటిల్స్ కథ ఇంకా వింత. ఒకసారి ఒక విదేశీ చిత్రానికి ఇంగ్లీషు అక్షరాలు మొదట బాగానే కుదిరాయి. రెండు నిమిషాలకు మాట కంటే అక్షరం ముందు రావడం మొదలైంది. పావుగంటకు ఎవరు ఏమంటున్నారో తెలియడం మానేసింది. చివరికొచ్చేసరికి తండ్రి చనిపోయాడని అక్షరాలు చెప్పేశాయి, తెర మీద ఆయన ఇంకా రొట్టె విరుచుకుని తింటున్నాడు. అదేం భూతం కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములది, అక్షరాల ఫైలు 25 ఫ్రేముల ప్రతికి తయారైనది. నిమిషానికి దాదాపు రెండున్నర సెకన్ల తేడా, రెండు గంటలకు దాదాపు ఐదు నిమిషాలు. అలాంటి ఫైలును సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్ తెలిసిన ఏ డిగ్రీ విద్యార్థి అయినా కాసేపట్లో చేసి పెడతాడు. కాకపోతే ముందు రోజు వేసి చూసుకోవాలి. మొదట్లో ఒక మాట, మధ్యలో ఒక మాట, చివర్లో ఒక మాట. మొదటి అర నిమిషం చూసి బాగుందనుకుంటే ఆ తప్పు దొరకదు.

ఆ అక్షరాలు కనపడటం కూడా ముఖ్యమే కదా. మన సభామందిరాలలో చాలావాటికి నేల చదునుగా ఉంటుంది, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. కుర్చీలో కూర్చున్న మనిషి తల నాలుగడుగుల పైనే ఉంటుంది. తెర కింది అంచు మూడడుగుల ఎత్తున కడితే మూడో వరుస నుంచి అందరూ ముందువాడి జుట్టు చదువుకోవాలి. కింది అంచు ఐదడుగుల ఎత్తుకు వచ్చేలా తెరను లేపండి, కుర్చీలు ఒక వరుస విడిచి ఒక వరుస సగం కుర్చీ పక్కకు జరపండి. వెయ్యి రూపాయల ఖర్చు కూడా కాదు. కిటికీలకు నల్లగుడ్డ, వెనక తలుపుకు ఒక మనిషి. శబ్దం గురించి ఎక్కువ చెప్పను. ఉపన్యాసాల మైకు పెట్టెలలోంచి సినిమా వినిపిస్తే ప్రతి పాత్రా ఎన్నికల ప్రచారం చేస్తున్నట్టే ఉంటుంది.

ఏ సినిమాలు వెయ్యాలో చెప్పడానికి నేనెవరిని? అయినా చెబుతాను, లేఖ నాది కనుక.

భారత ఫిల్మ్ సొసైటీల సమాఖ్య 1959లో సత్యజిత్ రే అధ్యక్షుడిగా మొదలైంది. దాని ప్రాంతీయ విభాగాలలో ఒడిశా తూర్పున చేరింది, తెలుగు నాడు దక్షిణాన చేరింది. పాలనకు అది సౌకర్యమే. కానీ మన జిల్లాల బతుకు ఆ గీత పాటించదు. మాకు భువనేశ్వర్ ఎంత దగ్గరో శ్రీకాకుళమూ దాదాపు అంతే దగ్గర. కార్యక్రమం వేసేటప్పుడు మీరు ఉత్తరం వైపు మాత్రమే చూస్తున్నారు. కలకత్తా చిత్రాలు వస్తాయి, భువనేశ్వర్ చిత్రాలు వస్తాయి. తెలుగు చిత్రాలు ఎందుకు వెయ్యరని అడిగితే, అవి హాళ్ళలో ఆడుతూనే ఉన్నాయి కదా అంటారు. హాళ్ళలో ఆడేవి కాదండీ నేనడిగేది.

మృణాల్ సేన్ సంగతి తీసుకోండి. ఆయన 1966లో కాళిందీ చరణ్ పాణిగ్రాహి నవల ఆధారంగా ఒడియాలో 'మాటిర మణిష' తీశారు. 1977లో ప్రేమ్‌చంద్ కథ తీసుకుని తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. ఒకదానిలో భూమినే నమ్ముకున్న రైతు కుటుంబం, అన్నదమ్ముల మధ్య పంపకం. రెండోదానిలో పని చేసినా చేయకపోయినా ఒకటే అని పని మానేసిన తండ్రీకొడుకులు. రెండు భాషల పల్లెనూ ఒకే బెంగాలీ కన్ను చూసింది. ఈ రెండింటినీ ఒకే రోజు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేయడానికి బరంపురాన్ని మించిన ఊరు దేశంలో ఉందా? రెండు భాషలూ సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమయ్యే ప్రేక్షకులు ఇక్కడ ఉన్నారు. 2023లో ఆయన శతజయంతి వచ్చి వెళ్ళిపోయింది. పోనివ్వండి, మంచి సినిమా వెయ్యడానికి జయంతి కావాలా?

అలాగే 'దాసి'. బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ తెలంగాణ దొరల గడి కథకు కెమెరా పట్టినవారు ఒడిశాకు చెందిన అపూర్వ కిశోర్ బీర్. ఆ పనికి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయనే తర్వాత 1991లో ఒడియాలో 'ఆది మీమాంస' తీశారు. ఒక ఒడియా కెమెరా తెలుగు దాసీ మొహం మీద వెలుగు ఎలా వేసింది, అదే మనిషి సొంత భాషకు వచ్చినప్పుడు ఏం చూశాడు? ఈ రెండు చిత్రాలూ పక్కపక్కన వేస్తే వక్త అక్కరలేదు. నీరద్ మహాపాత్ర 1984 నాటి 'మాయా మిరిగ'ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించి 2024లో ఇటలీలోని బొలోన్యాలో చూపించింది. ఒక ఒడియా ఉమ్మడి కుటుంబం మెల్లగా విడిపోయే కథ అది. కొత్తగా శుభ్రపడిన ఆ ప్రతిని మన ఊళ్ళో సరైన తెర మీద, సాగదీయకుండా చూడాలని ఉంది.

ఒడియా, తెలుగు సినిమాల పుట్టుకలు కూడా సరదాగా కలిపి చూడదగ్గవే. 1932లో తెలుగు టాకీ ప్రహ్లాదుడి కథతో మొదలైంది. మా గంజాం పల్లెలలో ప్రహ్లాద నాటకాన్ని ఇప్పటికీ తెల్లవార్లూ ఆడతారు, హిరణ్యకశిపుడి అడుగులకు వేదిక అదురుతుంది. ఒడియా టాకీ 1936లో వచ్చింది, ఒడిశా రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే, గంజాం మద్రాసు నుంచి విడిపోయిన సంవత్సరమే. రెండో ఒడియా చిత్రం కోసం 1949 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పదమూడేళ్ళూ ఇక్కడి జనం ఏ భాష బొమ్మలు చూసి ఉంటారు? ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళను అడిగి రికార్డు చేసే ఓపిక ఏ కళాశాలకైనా ఉంటే, అదే ఒక మంచి చిత్రమవుతుంది. త్వరపడాలి, చెప్పగలిగినవాళ్ళు ఎక్కువమంది లేరు.

బరంపురం దాటి కూడా చూడండి. ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో సినిమా చూపించడానికి పెద్ద ప్రాంగణం కావాలా? ఒక ప్రొజెక్టరు, ఒక తెర, రెండు స్పీకర్లు ఒక జీపులో పడతాయి. అక్టోబరులో మాత్రం ఆరుబయట పెట్టకండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి, తెర సంగతి తర్వాత, పైకప్పులే మిగలలేదు.

ఆడంబరం లేకుండా ఉత్సవం నడవదని ఎవరైనా అంటే మన రాష్ట్రంలోనే జవాబుంది. పూరీ సముద్రపు ఒడ్డున 2004లో 'బ్రింగ్ యువర్ ఓన్ ఫిల్మ్ ఫెస్టివల్' అని ఒకటి మొదలైంది. ఎవరి సినిమా వాళ్ళు తెచ్చుకోవాలి, ఎంపిక సంఘం లేదు, బహుమతులు లేవు, ఇసుక మీద డేరాలలో బొమ్మ వేసుకుంటారు. గోవా ఉత్సవానికి వెళ్ళలేనివాడు కూడా అక్కడ దర్శకుడే. అంత విశృంఖలత అందరికీ సరిపడదని ఒప్పుకుంటాను. నాకూ కొంచెం ఎంపిక ఉంటేనే ఇష్టం, ఎవరో ఒకరు చూసి, వడగట్టి, ఇది చూడండి అని చెప్పాలి. ఆ ఎంపిక చేయగలిగిన చదువు, చూపు మీకున్నాయి. శాలువాల లెక్క చూసుకునే ఓపికలో కొంత అటు మళ్ళిస్తే చాలు.

సినిమాలు ఎక్కడ దొరుకుతాయన్నది మీకు నాకంటే బాగా తెలుసు. పూణేలో 1964లో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఇప్పుడు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో భాగం. ఫిల్మ్ సొసైటీలకు చిత్రాలు ఇవ్వడం ఆర్కైవ్‌కు చాలాకాలంగా ఉన్న పని. ఉత్తరాలు రాయాలి, హక్కుదారుల అనుమతి తెచ్చుకోవాలి, నెలలు పడుతుంది. అందుకే ఏడాది పట్టిక ముందే వేసుకోమంటున్నాను. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఫలానా చోట బొమ్మ ఉంటుందని జనానికి అలవాటైతే ఆహ్వాన పత్రికల ఖర్చే ఉండదు. రోజు మారకూడదు, చోటు మారకూడదు. పదిమందే వచ్చినా వెయ్యాలి. పదిమంది వచ్చారని రద్దు చేస్తే తర్వాతి నెల ఐదుగురు వస్తారు.

అడగడంతో సరిపెట్టను. మీరు సినిమా పేరూ వివరాలూ వారం ముందు నాకు చేర్చండి, తెలుగు కరపత్రం నేను రాసి ఇస్తాను. అచ్చు ఖర్చుకు మా వీధిలో ఇద్దరు దుకాణదారులు ఒప్పుకున్నారు, బదులుగా కాగితం అడుగున తమ దుకాణం పేరు వెయ్యాలన్నారు. అతిథుల జాబితా కంటే చిన్నగానే వేయవచ్చు. స్టేషను దగ్గర, గేట్ బజారులో, ఇచ్ఛాపురం బస్టాండులో అంటించడానికి డిగ్రీ చదివే పిల్లలు కొందరు సిద్ధంగా ఉన్నారు, జిగురు, నిచ్చెన వాళ్ళవే. ముందు రోజు మీ హాలుకు వచ్చి సబ్‌టైటిల్స్ మొదలు, మధ్య, చివర చూసి సరిచేసి వెళ్ళడానికి వాళ్ళలో ఒకడు మాట ఇచ్చాడు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెబితే చాలు. మొదటి ప్రదర్శనకు మృణాల్ సేన్ జంట అయితే సంతోషం. మీకు వేరే ఆలోచన ఉంటే అదీ సమ్మతమే, పేరు మాత్రం ముందు చెప్పండి.

భవదీయురాలు,
బరంపురం నుంచి ఒక ప్రేక్షకురాలు